తొలి సూదిపోటు

మా అత్త పసిబిడ్డలకు మందు పోసేటప్పుడు చూడాలి. బిడ్డను చాచిన కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టుకుంటుంది. ఎడమచేతి వేళ్ళతో బుగ్గలు మెల్లగా నొక్కి, ఉగ్గుగిన్నె కొనను పెదవి పక్కనుంచి వంచుతుంది. బిడ్డ ఏడవడానికి ఊపిరి తీసే లోపలే మొహం మీద ఉఫ్ మని ఊదుతుంది. ఆ గాలికి బిడ్డ కళ్ళు మూసుకుని, ఏడుపు మరిచి, గుటుక్కున మింగేస్తుంది. ఒక్క బొట్టు బయటికి రాదు. అందుకే మా ఊళ్ళో ఏ పసికందుకు కడుపు ఉబ్బినా, పాలు కక్కినా సుంకమ్మ దగ్గరికే తెస్తారు. ఆమె చెయ్యి మంచిదని పేరు.

నాకు మాత్రం ఆ చెయ్యంటే మొదటినుంచీ భయమే. నాకు భయం లేనిది ఏముంది గనక. మా పాప జాను పుట్టినప్పుడు, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పోయొద్దని నర్సు చెప్పింది. ఆ మాట పట్టుకుని అత్తకు గట్టిగా చెప్పేశాను.

"సరేలేమ్మే. మీ కాలం మీది" అని అత్త ఉగ్గుగిన్నెను గోడ గూట్లో పెట్టేసింది.

జానుకు మెడ నిలబడగానే నేను జమ్మలమడుగులో జాకెట్లు కుట్టే అంగడికి మళ్ళీ పోవడం మొదలుపెట్టాను. పొద్దున పాలు పిండి పెట్టి బస్సెక్కితే సాయంత్రమే ఇంటికి. పగలంతా జాను జేజి దగ్గరే, అంటే మా అత్త దగ్గరే.

జాను పరుగులు తీసే వయసుకు వచ్చిన ఏడాది మా ఆయన ఓబులేసు కళ్ళు పచ్చబడ్డాయి. ట్రాక్టర్లు రిపేరు చేసే మనిషి. ఇంజన్ను ఒంటిచేత్తో జరిపేవాడు. స్పానరు కూడా బరువైపోయింది. కాలేయంలో గడ్డ ఉందన్నారు. ఊరు ఊరంతా తాగుడు అనేసింది. ఆయన నోరు చుక్క ఎరగదు. "ఎవురికీ తెలీకుండా తాగినాడులే" అన్నారు. ఆ గడ్డ ఏ రకమో కడపలో డాక్టర్లకే తేలలేదు. ఒకరు ఒక పేరు చెబితే ఇంకొకరు ఇంకో పేరు చెప్పారు. చివరికి, తిరుపతిలో కొత్తగా పెట్టిన కాలేయ పరిశోధనశాలకు తీసుకుపొమ్మన్నారు. అక్కడ 'వెనకచూపు' అనే యంత్రం ఉందట.

*

ఆ యంత్రాన్ని చేసిన వాళ్ళలో పెద్దామె డాక్టర్ మెహరున్నీసా. అందరూ మెహర్ మేడమ్ అంటారు. ప్రొద్దుటూరు మనిషి. ఇంగ్లీషులో మొదలుపెట్టి, మా మొహాలు చూసి, మన మాటలోకి దిగింది.

"లివర్లో పుట్టేదంతా ఒకటే క్యాన్సర్ అనుకుంటారమ్మా. కాదు. లివర్ కణంలో పుట్టేది ఒకటి. పైత్యరసం పారే సన్నగొట్టాల్లో పుట్టేది ఇంకొకటి. పైకి రెండూ గడ్డలే. లోపల రాత వేరు. మీ ఆయన గడ్డలో రెండూ ఉన్నట్టుండాయి. అందుకే కడపోళ్ళు భయపడినారు. ఒకదానికి మందిస్తే రెండోది బలుస్తాది."

నాకు అర్థం కాలేదని ఆమెకు తెలిసిపోయింది. నా వేలి కొసల వైపు చూసింది.

"కుట్టు పనా?"

"అవును మేడమ్. జాకెట్లు."

"కుట్టు విప్పేస్తే గుడ్డ మీద ఏం మిగులుతాది?"

"రంధ్రాలు."

"రంధ్రం చూసి ఏ సూది కుట్టిందో చెప్తావా?"

"చెప్పొచ్చు. లావు సూదయితే రంధ్రం పూడదు. మొండి సూదయితే పోగు తెగిపోయి ఉంటాది. మా అంగట్లో ఎవరు కుట్టి పాడు చేసినారో అట్లనే పట్టుకుంటాం."

"మా మిషన్ పని గూడా అదే. మనిషి కణంలో ఉండే రాతను ఒక్కో విషం ఒక్కో తీరుగా పొడుస్తాది. కామెర్ల వైరస్ పోటు వేరు. సారా పోటు వేరు. శెనక్కాయ బూజు పోటు వేరు. ఈ గడ్డలో వేలకొద్దీ పోట్లుంటాయి. మిషన్ వాటిని ఒక్కొక్కటే విప్పుకుంటా వెనక్కిపోతాది, తొలి పోటు దాకా. అది దొరికితే అక్కణ్ణుంచి తిరుగుకుట్టు వేసే మందు చేస్తాం. తొలి పోటు ఏదో తప్పుగా అనుకున్నామంటే మాత్రం చిరుగు ఇంకా చిరిగిపోతాది."

పక్కన నిలబడిన అత్త ఒక్కసారిగా గుండెల మీద కొట్టుకుంది. "శెనక్కాయ బూజా తల్లీ? అయితే నేనే. మంచి పప్పు బేరగానికి ఇచ్చి, ముడుచుకపోయిండేవి, బూజు పట్టిండేవి ఇంటికి పెట్టుకునేదాన్ని. వాటితోనే ఊరిబిండి నూరి పెట్టినా వానికి. నేనేరా నాయనా, నేనే."

"ఉండమ్మా. మిషన్ చెప్పనీ" అంది మేడమ్.

ఆయన పక్కటెముకల సందున సూది దించి బియ్యపుగింజంత ముక్క తీశారు. ఆయన నా చెయ్యి పట్టుకుని పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు.

*

ఫలితం చెప్పే రోజు నన్నూ ఆయన్నూ మాత్రమే లోపలికి పిలిచారు. అత్త జానును తీసుకుని బయట వరండాలో కూర్చుంది.

తెర మీద ముందు గడ్డలోని కణాలు చీమలబారులాంటి గుంపుగా కనిపించాయి. కొన్ని నీలం, కొన్ని పసుపు. మేడమ్ మీట నొక్కింది. గుంపు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. పది ఉన్నచోట ఐదయ్యాయి, ఐదు రెండయ్యాయి. నీలం ఒక దారిన, పసుపు ఒక దారిన వెనక్కి పోయి పోయి, ఒకచోట కలిసిపోయాయి.

"రెండూ ఒక తల్లి బిడ్డలే" అంది మేడమ్ తనలో తాను.

తెర ఇంకా వెనక్కి నడిచింది. చివరికి ఒకే ఒక్క కణం మిగిలింది. దాని మీద ఒక్క గుర్తు. మేడమ్ ఆ గుర్తును పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"సారా కాదు. వైరస్ కాదు. శెనక్కాయలూ కాదు" అంది.

తరవాత తెర మీద ఒక మొక్క బొమ్మ పెట్టింది. నేలకు పాకిన తీగ, గుండ్రటి బూడిదరంగు ఆకులు, ముదురు వంగపండు రంగులో బూరలాంటి పువ్వు.

ఆయన నవ్వాడు. జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు.

"గాడిదగడపాకు. మా చేని గట్టు మీద పాకి ఉంటాది మేడమ్. పశువులు గూడా మూతి పెట్టవు. మా యమ్మ నాకు పోసిందంట, నేను పాలు తాగేటప్పుడు. కడుపు ఉబ్బి చచ్చిపోతాంటే అది పోసే బతికించుకున్యానని ఊరంతా చెప్పుకుంటాది."

"పోటు వయసు గూడా అదే చెప్తాంది" అంది మేడమ్. "నడక రాని వయసు. పోసిన అందరికీ ఇట్లయితాదని కాదు. శానామందిలో పోటు దానంతట అదే పూడిపోతాది. కొంతమందిలో మిగిలిపోతాది. మిగిలింది ఎప్పుడు గడ్డ కడతాదో ఎవురూ చెప్పలేరు." నా వైపు తిరిగింది. "మీ పాపకు ఎవరన్నా పోసినారా?"

లేదని చెప్పబోయాను. నాకు తెలియదని నాకే తెలిసింది.

"పరీక్ష చేయండి మేడమ్. ఈ రోజే."

"అంత తేలిక కాదమ్మా. పసిబిడ్డకు మత్తిచ్చి, లివర్లో సూది దించాల. లోపల రక్తం కారొచ్చు. ఉత్త అనుమానం మీద నేను సూది దించను. పోసినారని తెలిస్తే దించకుండా ఉండను. ముందు కనుక్కో."

మేడమ్ బయటికి పోయాక ఆయన నా కొంగు పట్టుకున్నాడు.

"సుభాషిణీ, మా యమ్మకు చెప్పొద్దు. శెనక్కాయలు అనుకోనీ. ఊరంతా తినేది అదే గదా, ఆ బాధ మోస్తాది. ఇది మోయలేదు."

"మరి జాను?"

"ఇంకో రకంగా అడుగు. నిదానంగా అడుగు. ఆకు మాట మాత్రం ఎత్తొద్దు."

నేను తల ఊపాను. అలా ఊపకుండా ఎలా ఉంటాను, ఆ కళ్ళు చూస్తూ. బయటికి వచ్చేసరికి అత్త జానును ఒళ్ళో వేసుకుని మొహం మీద ఉఫ్ మని ఊదుతోంది. జాను కళ్ళు మూసుకుని కిలకిలా నవ్వుతోంది.

"మళ్ళా జేజీ. మళ్ళా ఊదు."

*

మందు తయారయ్యేదాకా ఇంటి దగ్గర ఉండమని పంపించారు. నేను అంగడి మానేసి కుట్టుమిషన్ ఇంటికి తెచ్చుకున్నాను. కుట్టుకుంటూ జానునే చూసేదాన్ని. నీళ్ళు పోసేటప్పుడు కుడి పక్కటెముకల కింద వేలు పెట్టి నొక్కేదాన్ని. ఎండలో నిలబెట్టి కళ్ళ కింద రెప్పలు లాగి తెల్లగుడ్డు చూసేదాన్ని. అన్నం వద్దంటే గుండె ఆగేది. రెండో ముద్ద అడిగితే ఊపిరి వచ్చేది.

అత్త మాత్రం శెనక్కాయల మీద పగబట్టింది. ఇంట్లో ఉన్న మూటలు విప్పి, చేటలో పోసుకుని, ఒక్కొక్క గింజా వెలుతురుకు పెట్టి చూసి, మచ్చ కనిపించినవి పొయ్యిలో పారేసేది. ఒకరోజు ఆమె పక్కన కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టాను.

"అత్తా, జానుకు పాలు తాగేటప్పుడు కడుపు ఉబ్బరించేది గదా. ఎట్ల తగ్గించినావు?"

"పసికడుపు. అదే తగ్గుతాది."

"ఏమన్నా పోసినావా?"

చేట ఆగింది.

"ఏం పోసేది? నువ్వొద్దన్యావు గదా. నర్సమ్మ చెప్పిందని ఇల్లు పీకి పందిరేసినావు గదా."

"కోపం లేదత్తా. పోసింటే పోసినానని చెప్పు."

"వస అరగదీసి నాలిక్కి రాసినా. అది గూడా తప్పేనా? వెయ్యి, నాకు శిక్ష వెయ్యి." చేట మళ్ళీ కదిలింది. ముందుకంటే వేగంగా చెరిగింది. మంచి గింజలు కూడా ఎగిరి కింద పడ్డాయి.

లోపల మంచం మీద ఆయన విన్నాడు. నేను పోగానే "ఏమంటాది?" అన్నాడు.

"పోయలేదంటాది."

"అయితే పోయలేదులే."

"నీకు నమ్మకముందా?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఒక్క మాట చెబితే అత్త నిజం చెబుతుంది. ఆ మాటే చెప్పొద్దని ఆయన నా దగ్గర తల ఊపించుకున్నాడు. నేను ఆ మాట నోట్లో పెట్టుకుని వంట చేశాను, ఆయనకు ఒళ్ళు తుడిచాను, పండగ ఆర్డర్లు కుట్టాను. జాను నిద్రలో పక్కకు తిరిగితే, ఆ పొట్టలో ఏముందోనని ఆ మాట గొంతులోకి వచ్చి కూర్చునేది.

*

మా ఇంటి వెనక వీధిలో ఇంద్రజ ఉంటుంది. మా ఊళ్ళోనే పుట్టి, మా ఊళ్ళోనే మెట్టిన పిల్ల. ఒక మధ్యాహ్నం చంటిపిల్లాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. వాడు కాళ్ళు ముడుచుకుని ఏడుస్తున్నాడు.

"పెద్దమ్మా, కడుపు రాయి మాదిరుంది. పొద్దుట్నుంచి ఒకటే ఏడుపు."

కొడుక్కి జబ్బు చేసినప్పటినుంచి అత్త దగ్గరికి ఎవరూ బిడ్డను తేలేదు. ఆమె మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు వచ్చింది. "ఉండు, ఉండు" అంటూ చేటను పక్కన పెట్టి బయటికి పోయింది. నేను జాకెట్టు చంకముక్క అతికే పనిలో ఉన్నాను. వస తేవడానికి పోయిందనుకున్నాను.

కాసేపటికి కల్వంలో నూరుతున్న చప్పుడు వినిపించింది. వెనకే వాసన వచ్చింది. పచ్చిగా, వెగటుగా ఉండే వాసన. నా కాలు మిషన్ మీద ఆగిపోయింది.

ఆ వాసన నాకు కొత్తది కాదు. అంగడి నుంచి వచ్చిన ఏదో ఒక సాయంత్రం, జానును ఎత్తుకుంటే గౌను మెడ దగ్గర అదే వాసన. జేజి ఒళ్ళో పేడ వాసన, పశువుల వాసన ఎన్నో ఉంటాయిలే అనుకుని గౌను మార్చేశాను.

నేను లేచి వరండాలోకి వచ్చేసరికి పిల్లాడు అత్త కాళ్ళ మీద ఉన్నాడు. పక్కన కల్వం దగ్గర, తెర మీద చూసిన ఆ గుండ్రటి బూడిదరంగు ఆకులు. బుగ్గలు నొక్కి ఉంది. ఉగ్గుగిన్నె కొన పెదవికి ఆనబోతోంది. నేను గిన్నెను పట్టుకున్నాను. అత్త వదల్లేదు. ఇద్దరి చేతుల మధ్య గిన్నె ఒరిగి పచ్చటి పసరు నేల మీద పడింది.

"ఏమ్మే, దయ్యం పట్టిందా నీకు?"

"వద్దత్తా. ఈ ఆకు వద్దు."

ఇంద్రజ బిత్తరపోయి పిల్లాణ్ణి ఎత్తుకుంది. "ఏమైందక్కా? నాకు గూడా ఈ పెద్దమ్మే పోసిందంట గదా చిన్నప్పుడు."

"చెప్పు మే, బాగా చెప్పు" అంది అత్త. "నీకు పోసినా, నీ తమ్మునికి పోసినా, ఊళ్ళో సగంమందికి పోసినా. ఎవురికేమైంది? నా కొడుక్కే పోసినా. వానికేమ..."

మాట అక్కడ తెగింది. ఆమె కళ్ళు గడప దాటి లోపల మంచం వైపు పోయాయి. అక్కడ ఆయన మోచేతి మీద లేవడానికి తంటాలు పడుతున్నాడు.

"శెనక్కాయలు గాదా?" అని అత్త నన్ను అడిగింది.

నేను నేల మీది పసరు వైపు చూశాను.

"శెనక్కాయలే మ్మా" అన్నాడు ఆయన లోపలినుంచి. "శెనక్కాయలే."

"నువ్వు పండుకో నాయనా. నేను నీ పెండ్లాన్ని అడుగుతాండా."

జాను ఎక్కడినుంచో పరుగెత్తుకుని వచ్చి నా కాళ్ళను చుట్టుకుంది. నేను వంగి ఎత్తుకున్నాను. నా వేళ్ళు వాటంతట అవే దాని పక్కటెముకల కిందికి పోయాయి.

"కాదత్తా" అన్నాను. "శెనక్కాయలు కాదు."

అత్త ఏడవలేదు. పసరంటిన చేతిని చీరకు తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఆ చెయ్యి తనది కానట్టు చూసుకుంది. తరవాత తల ఎత్తకుండానే అంది:

"జానుకు గూడా పోసినా. నువ్వు అంగడికి పొయ్యేటప్పుడు నీ బస్సు మలుపు తిరిగేదాకా వాకిట్లో నిలబడి చూసి, పోస్తాంటి."

"ఎన్నిసార్లు అత్తా?"

"ఏడ్చినప్పుడల్లా."

నిజం తెలిస్తే అరుస్తానని, తిడతానని అనుకున్నాను ఇన్నాళ్ళూ. గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇంద్రజ పిల్లాణ్ణి గుండెకు అదుముకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన "మాట తప్పినావు" అన్నాడు.

"తప్పినా."

"పోనీలే. నువ్వు తప్పకపోయింటే నేను తప్పాల్సి వచ్చేది." మళ్ళీ తనే అన్నాడు. "బిడ్డను తీసకపో. రేపే తీసకపో."

*

జానుకు మత్తు ఇచ్చినప్పుడు నన్ను బయట ఉంచారు. తలుపు అద్దంలోంచి దాని పాదాలు మాత్రమే కనిపించాయి. కుడికాలికి గోరింటాకు సగం చెరిగిపోయి ఉంది. ఆ గోరింటాకునే చూస్తూ నిలబడ్డాను. పాదం కొంచెం కదిలేదాకా చూస్తూనే ఉన్నాను.

"పోట్లుండాయి" అంది మెహర్ మేడమ్. "గడ్డ లేదు. ఒకదాని మీద ఒకటి కుట్లు ఇంకా పడలేదు. బాగా ముందుగా వచ్చినావు."

ఆ తరవాత ఆయన్నూ తిరుపతిలో చేర్చి మందు మొదలుపెట్టారు. కొన్ని వారాలకు, అది పనిచేస్తోందా అని అడిగాను. ఆమె నన్ను మళ్ళీ ఆ తెర దగ్గరికి తీసుకుపోయింది. తిరుగుకుట్టు మందు మొదలుపెట్టాక నీలం గుంపు పలచబడింది. చీమలు చెదిరినట్టు చెదిరిపోయింది. పసుపు మాత్రం కదల్లేదు. ముందుకంటే దట్టంగా ఉంది.

"తొలి పోటు రెండు గుంపులకూ ఒకటే" అంది మేడమ్. "నీలంది లివర్ కణం దారిలో పోయింది. దాన్ని వెనక్కి తేగలిగినాను. పసుపుది పైత్యం గొట్టాల దారి పట్టి, దాని పైన వేరే కుట్లు వేసుకుంది. ఆ కుట్లకు నా దగ్గర మందు లేదమ్మా. మిషన్ ఎట్ల జరిగిందో చెప్తాది. అన్నీ బాగుచేయలేదు." ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇంత బాగా చెప్పకపోయింటే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తాది నాకు."

తొలి పోటు మాత్రమే ఉన్న పిల్లలకు చుక్కల మందు చేయవచ్చునట. దానికి తొలి పోటు చెడకుండా ఉన్న కణాలు కావాలి. అవి ఆయన గడ్డలో ఒక మూల ఉన్నాయి. మళ్ళీ మళ్ళీ సూది దించాలి. ఆయనకు దానివల్ల మేలేమీ ఉండదు, నొప్పి తప్ప. మేడమ్ ఈ మాట చెప్పడానికి చాలా తడుముకుంది.

"తీసుకో మేడమ్" అన్నాడు ఆయన. "ట్రాక్టరు తుక్కుకు పొయ్యేముందు పనికొచ్చే పార్టులు ఇప్పుకునేది మాకు అలవాటే."

ఆయన ఆస్పత్రిలో సూది కింద పడుకున్న ఆ రోజుల్లో అత్త ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగింది. ఏ ఇంట్లో ఏ బిడ్డకు పోసిందో ఆమెకు గుర్తే. గడప ముందు నిలబడి, "మీ చిన్నదానికి గాడిదగడపాకు పోసినా. అది మంచిది కాదంట. తిరుపతికి తీసకపోండి" అని చెప్పేది. కొందరు తలుపు వేసుకున్నారు. కొందరు నమ్మలేదు. ముసలామె మద్దమ్మ అయితే వీధిలోకి వచ్చి, "కొడుకును తినింది చాలక మా మనమల మీద పడినావా సుంకమ్మా?" అని అడిగింది.

"అవును" అంది అత్త. "పిల్లోన్ని తీసకపో మద్దమ్మా."

మద్దమ్మ ఇంకా ఏదో అనింది. అత్త అంతా విని, "పిల్లోన్ని తీసకపో" అని మళ్ళీ అదే చెప్పి పక్కింటి గడప ఎక్కింది. వారం గడవకముందే తిరుపతి పోయే కరెంటు బస్సులో సగం మా ఊరి తల్లులే.

పొద్దుతిరుగుడు చేలు పూతకు వచ్చినప్పుడు ఆయన పోయాడు. చివరి రోజుల్లో అత్త పగలంతా మంచం పక్కనే నేల మీద కూర్చునేది. ఒకసారి ఆయన, "మ్మా, నువ్వు అది పోయకపోయింటే నేను అప్పుడే పోయిండేవాణ్ణి" అన్నాడు.

"అబద్ధాలు చెప్పొద్దురా" అంది అత్త, ఆయన పాదాలు ఒత్తుతూ.

"నీకెట్ల తెలుసు అబద్ధమని? అది ఆ మిషన్ గూడా చెప్పలేదు పో."

అత్త చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఒత్తడం మొదలుపెట్టాయి.

పసరు ఒలికిన రోజునుంచి ఆమె జానును ముట్టుకోలేదు. ముద్ద పెట్టదు, తల దువ్వదు. జాను పోయి ఒళ్ళో కూర్చుంటే చేతులు వెనక్కి పెట్టుకుంటుంది. "ఊదు జేజీ" అని జాను మొహం ముందు పెడితే, లేచి గొడ్ల దగ్గరికి పోతుంది.

*

చుక్కల మందు వచ్చిన రోజు మా ఊరి ఆరోగ్య కేంద్రం నిండిపోయింది. మెహర్ మేడమ్ తానే వచ్చింది. మందు గాజుబుడ్డిలో లేత గోధుమరంగులో ఉంది. వారానికి ఒకసారి పోయాలి. పనిచేసిందో లేదో తెలియడానికి ఏడాది పడుతుంది. అంతదాకా నేను జాను కళ్ళు లాగి చూస్తూనే ఉండాలి.

"నిండా చేదుగా ఉంటాది" అంది మేడమ్. "ఒక్క బొట్టు పోకూడదు. ఇది ఎట్ల చేసిందో మీకు తెలుసు."

నాకు తెలుసు. ఆ బుడ్డిలో ఉన్నది ఆయన పక్కటెముకల సందునుంచి వచ్చింది.

మొదట జానుకే. నర్సు సూదిలేని సిరంజితో నోట్లో వేయబోయింది. జాను తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, పళ్ళు బిగించింది. బలవంతంగా వేస్తే సగం బయటికి ఉమ్మేసింది. ఆ తడి నా చేతి మీద పడింది. తుడవడానికి చెయ్యి రాలేదు. నర్సు రెండోసారి ప్రయత్నించింది. జాను కెవ్వుమని ఏడ్చి, ఏడుపు ఆపలేక దగ్గింది.

"ఆపమ్మా, పొలమారుతాది" అంది మేడమ్.

అత్త బయట చెప్పుల దగ్గర కూర్చుని ఉంది. లోపలికి రమ్మన్నా రాలేదు. నేను పొద్దున బయలుదేరేటప్పుడు, ఎందుకో నాకే తెలియకుండా, గూట్లోని ఉగ్గుగిన్నెను మరిగే నీళ్ళలో వేసి కడిగి సంచిలో పెట్టుకున్నాను. అది తీసుకుని బయటికి పోయాను.

అత్త గిన్నెను చూసి వెనక్కి జరిగింది. "నా చేత్తో వద్దు మే. ఎవురితోనన్నా పోయించు."

"ఎవురికీ చాతకాలేదత్తా. సగం ఉమ్మేసింది. నీ కొడుకుది అది. సగం నా చేతి మీద పడింది."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తరవాత లేచి, కుళాయి దగ్గరికి పోయి, మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుంది. లోపలికి వచ్చి నేల మీద కాళ్ళు చాపి కూర్చుంది. మద్దమ్మ మనవణ్ణి గట్టిగా పట్టుకుని చూస్తోంది. మేడమ్ బుడ్డిలోంచి కొలిచి మందును ఉగ్గుగిన్నెలో పోసింది.

జానును నేనే ఆ కాళ్ళ మీద పడుకోబెట్టాను. జేజి ఒళ్ళని తెలియగానే జాను ఏడుపు సగం తగ్గింది. అత్త వేళ్ళు బుగ్గల మీదికి వచ్చాయి. గిన్నె కొన పెదవి పక్కకు వంగింది. చేదు నాలుకకు తగిలింది. జాను మొహం ముడుచుకుని, ఏడవడానికి ఊపిరి పీల్చింది.

అత్త పెదవులు ముందుకు వచ్చాయి. ఊపిరి రాలేదు.

"ఊదత్తా" అన్నాను.

ఆమె ఊదింది. జాను కళ్ళు మూసుకుని గుటుక్కున మింగింది. ఒక్క బొట్టు బయటికి రాలేదు.